వరద తర్వాత అమ్జద్

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూస్తుంటే వాన మొదలైంది. అమ్మేవాళ్లు గబగబా పట్టాలు కప్పేస్తున్నారు. నేను కదల్లేకపోయాను. 2020 అక్టోబర్‌లో ఒక రాత్రి మా ఇంట్లోకి నీళ్లొచ్చాయి. అందరం బయటపడ్డాం, సామాన్లే పోయాయి. అయినా వాన చప్పుడు పెరిగితే నాకు ఊపిరాడదు. ఇది నా రూమ్మేట్‌కి తెలుసు. వాన తగ్గాక ఏమీ అడగకుండా నాంపల్లి దాకా నడిపించి, షా ఖామోష్ దర్గాలో ఒక సమాధి చూపించాడు. అమ్జద్ హైదరాబాదీది.

మనలో చాలామంది ఆ పేరు విని ఉండరు. ఉర్దూ రుబాయీలకి, అంటే నాలుగు పాదాల పద్యాలకి, ఆయనది పెద్ద పేరు. అసలు పేరు సయ్యద్ అమ్జద్ హుస్సేన్. పసితనంలోనే తండ్రి పోతే తల్లే పెంచి చదివించింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. సుమారు 15 వేల మంది పోయారంటారు. తల్లి, భార్య, కూతురు ఆయన కళ్లముందే కొట్టుకుపోయారు. ఇంట్లో మిగిలింది ఆయనొక్కడే.

ఆ వరద అనగానే మన సివిల్ వాళ్లకి విశ్వేశ్వరయ్య, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ గుర్తొస్తాయి. అవి ఊరి కోసం. ప్రాణాలతో మిగిలినవాళ్ల మనసు సంగతి ఎవరైనా పట్టించుకున్నారో లేదో!

అమ్జద్ మాత్రం తను చూసినదాన్ని దాచుకోలేదు. ఆ రోజు మీద ‘ఖయామత్-ఎ-సుగ్రా’ అని కవిత రాశాడు. చిన్న ప్రళయం అని అర్థం. నిజాం సర్కారు లెక్కల ఆఫీసులో ఉద్యోగం చేశాడు. మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆ భార్య జమాలున్నీసా కూడా తనకంటే ముందే పోయింది. జనం ఆయన్ని ‘హకీముష్షుఅరా’ అన్నారు. హకీమ్ అంటే జ్ఞాని, వైద్యుడు కూడా. 1961లో చనిపోయాడు. వరద తర్వాత 50 ఏళ్లకు పైనే బతికాడన్నమాట.

ఆయనకి పీటీఎస్‌డీ ఉందని నేననను. ఆ పేరు డాక్టర్ల పుస్తకాల్లోకి ఎక్కిందే 1980లో. పైగా కవిత రాస్తే తగ్గిపోతుందని చెప్పడం కూడా నాకిష్టం లేదు, అందరం అమ్జద్‌లం కాదు కదా. కానీ జరిగినదే కలల్లో తిరిగిరావడం, ఆ చోటుకి పోలేకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం నెల దాటినా తగ్గకపోతే, అది పిరికితనం కాదు. దానికి చికిత్స ఉంది. శిక్షణ ఉన్నవాళ్ల దగ్గర కూర్చుని, జరిగింది కొద్దికొద్దిగా చెప్పుకోవడం అందులో ముఖ్యమైన భాగం. అవసరమైతే మందులూ ఇస్తారు.

సామాన్లే కదా పోయింది, దీనికి డాక్టరెందుకని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ రాత్రి హాస్టల్‌కొచ్చి టెలీ మానస్‌కి, 14416కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు. ఇప్పుడు కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నాను, రెండు సిట్టింగులయ్యాయి. నీళ్లు గడప దాటినంతవరకే చెప్పగలిగాను. మిగతాది వచ్చే బుధవారం.