విద్యుత్తును తూచిన మైకేల్ ఫారడే

నారాయణగూడ పాఠశాలల్లోను, అశోక్‌నగర్ శిక్షణ తరగతుల్లోను, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయపు బల్లల వద్దను రసాయన శాస్త్రం చదివే విద్యార్థి 96,500 అనే సంఖ్యను కంఠస్థం చేయక తప్పదు. విద్యుద్విశ్లేషణ లెక్కలన్నిటికీ అదే తాళపుచెవి. దానికి ఫారడే అని పేరు. ఆ లెక్కలకు జంకే విద్యార్థులలో, ఆ పేరుగల మనిషికి ఉన్నత గణితం రాదని ఎరిగినవారు అరుదు.

మైకేల్ ఫారడే 1791 సెప్టెంబరు 22న లండను శివారున ఒక కమ్మరి ఇంట జన్మించాడు. తండ్రి రోగపీడితుడు, పిల్లలు నలుగురు. చదవడం, వ్రాయడం, కొద్దిపాటి లెక్కలు వచ్చేసరికి బడి ముగిసింది. పదమూడవ యేట రీబో అనే పుస్తక విక్రేత వద్ద కుదిరి, ఇంటింటికీ వార్తాపత్రికలు చేరవేశాడు. 1805లో అక్కడనే పుస్తకాల బైండింగు పనిలో ఏడేండ్ల శిష్యరికం మొదలైంది. ఇతరులకోసం కుట్టిన పుస్తకాలనే తీరిక వేళల తనకోసం చదువుకొన్నాడు. బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలోని విద్యుత్తు వ్యాసమూ, జేన్ మార్సెట్ అనే విదుషీమణి రచించిన రసాయన గ్రంథమూ ఆయనకు తొలి గురువులు.

1812లో దుకాణానికి వచ్చే ఒక పెద్దమనిషి ఇచ్చిన టిక్కెట్లతో, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు నాలుగు విన్నాడు. 1807లో విద్యుత్తు సాయంతో పొటాషియం, సోడియం లోహాలను వేరుచేసిన ప్రఖ్యాతుడు డేవీ. విన్నదంతా చక్కగా వ్రాసి, స్వహస్తాలతో బైండుచేసి ఫారడే ఆయనకు పంపాడు. 1813 మార్చిలో డేవీకి సహాయకుడయ్యాడు. ఆ యేడే బయలుదేరిన యూరపు యాత్రలో సేవకుని పనులు కూడ చేయవలసివచ్చింది. ఆ చిన్నతనాన్ని దిగమ్రింగి, చూచిన ప్రయోగాలనెల్ల నేర్చుకొన్నాడు.

1831లో అయస్కాంతంతో విద్యుత్తును పుట్టించే సూత్రాన్ని కనుగొన్న పిమ్మట, ఆయన దృష్టి విద్యుద్విశ్లేషణపై నిలిచింది. ఆనాటికి ఆంపియరు, కూలుంబు అనే కొలతలు లేవు. విద్యుత్తు సాగే దారిలో ఆమ్లం కలిపిన నీటిపాత్రను అమర్చి, అందులో వెలువడిన వాయువుల పరిమాణాన్నిబట్టి విద్యుత్తును కొలిచాడు. 1833, 1834 సంవత్సరాలలో రెండు నియమాలు తేలినవి. వెలువడే పదార్థపు బరువు ప్రవహించిన విద్యుత్తుకు అనులోమంగా ఉంటుందనేది మొదటిది. ఒకే విద్యుత్తు వేర్వేరు ద్రావణాలగుండా సాగితే, వెలువడే పదార్థాల బరువులు వాటి తుల్యభారాల నిష్పత్తిలో ఉంటాయనేది రెండవది. ఎలక్ట్రోడు, ఆనోడు, కాథోడు, అయాను అనే పేర్లు కూడ విలియం హ్యూవెల్ అనే పండితుని సలహాతో ఆయన వాడుకలోనికి తెచ్చినవే.

ఈ నియమాలకు కావలసినది త్రైరాశికమే. మైలతుత్తపు ద్రావణంలో 2 ఆంపియర్ల విద్యుత్తు 30 నిమిషాలు ప్రవహిస్తే 3,600 కూలుంబులు. 3,600ను రాగి తుల్యభారమైన 31.75తో గుణించి 96,500తో భాగిస్తే, ఋణధ్రువంపై చేరే రాగి సుమారు 1.18 గ్రాములు. అదే విద్యుత్తు వెండి లవణపు ద్రావణంలో సుమారు 4.02 గ్రాముల వెండిని చేరుస్తుంది. 96,500 అనే విలువను తరువాతివారు నిర్ణయించి, ఆయన గౌరవార్థం ఆ పేరు పెట్టారు.

పరిశ్రమల జమాఖర్చులకు ఈ లెక్కే పునాది. పాత్రలకు వెండి మలాము పట్టించినా, ముడి రాగిని శుద్ధిచేసినా, 1886లో హాల్, ఎరూ కనుగొన్న పద్ధతిలో అల్యూమినియం తీసినా, ఎంత విద్యుత్తుకు ఎంత లోహమో ముందే చెప్పవచ్చు. గోదావరి తీరాన కొవ్వూరులో ఉప్పునీటినుండి కాస్టిక్ సోడా, క్లోరిన్ తయారయ్యేదీ విద్యుద్విశ్లేషణతోనే. నగరాలలో త్రాగునీటిని శుద్ధిచేసేది ఆ క్లోరినే.

తన విద్యతో ఫారడే ధనికుడు కాగలిగేవాడు. పరిశ్రమలకు సలహాలిచ్చి సంపాదించే పనిని చాలవరకు విడిచి, పరిశోధననే ఎంచుకొన్నాడు. సర్ బిరుదును వద్దన్నాడు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని రెండుసార్లు నిరాకరించాడు. పిల్లలకు క్రిస్మస్ ఉపన్యాసాలివ్వడం మాత్రం ఆయనకు ప్రీతి. నడివయసులోనే జ్ఞాపకశక్తి సడలనారంభించినా, దినచర్యగా వ్రాసుకొన్న ప్రయోగాల పుస్తకాలను ఆధారం చేసుకొని పని సాగించాడు. 1867 ఆగస్టు 25న హాంప్టన్ కోర్టులోని ఇంట కన్నుమూశాడు. హైగేటు శ్మశానవాటికలో నిరాడంబరంగా సమాధి చేశారు.

చిక్కడపల్లి గ్రంథాలయంలో పరీక్షలకు చదివే పేదవిద్యార్థికీ, రీబో దుకాణంలో చదువుకొన్న ఆ కుర్రవానికీ పెట్టుబడి ఒక్కటే: ఇతరుల పుస్తకం, తన ఓపిక.