యాభైలో కుదిరిన కొలువు

డిగ్రీ చేతికొచ్చి రెండేళ్లయినా సరైన ఉద్యోగం దొరకలేదని దిగులుగా ఉందా? అయితే రాబర్ట్ పార్క్ గురించి చదవండి. సోషియాలజీ విద్యార్థులకు తెలిసిన పేరే. ఆయన షికాగో యూనివర్సిటీలో అడుగుపెట్టింది 1914లో. అప్పటికి వయసు 50.

అమెరికాలో పుట్టిన పార్క్ 1887లో మిషిగన్ యూనివర్సిటీలో డిగ్రీ పూర్తిచేసి పత్రికల్లో చేరారు. మినియాపొలిస్, డెట్రాయిట్, డెన్వర్, న్యూయార్క్... పదకొండేళ్లు ఊళ్లు మారుతూ రిపోర్టరుగా తిరిగారు. తర్వాత హార్వర్డ్, జర్మనీ చదువులు. 1904లో హైడల్‌బర్గ్ నుంచి డాక్టరేట్. మన ఇళ్లలో అయితే ఇక స్థిరపడరాదా అంటారు! ఆయనేమో ఏడేళ్లపాటు నల్లజాతి నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్‌కు రచనల్లో, ప్రచారంలో సాయంగా ఉండిపోయారు.

ఆ తర్వాతే షికాగో. 1910 లెక్కల్లో ఆ నగర జనంలో మూడో వంతుకు పైగా విదేశాల్లో పుట్టినవాళ్లే. పోలండ్, ఇటలీ, రష్యా, స్వీడన్... పేటకో భాష. పార్క్ తన విద్యార్థులను లైబ్రరీతో సరిపెట్టుకోనివ్వలేదు. అద్దె గదులకు, డాన్స్ హాళ్లకు, యూదుల పేటకు వెళ్లి చూసి రాయమన్నారు. పాత రిపోర్టరు పనే అక్కడ పరిశోధన పద్ధతి అయింది. వలసవచ్చినవాళ్ల సొంత భాషా పత్రికలు వాళ్లను కొత్త దేశానికి దూరం చేయడమే కాదు, అలవాటు కూడా చేస్తాయని 1922 నాటి పుస్తకంలో చూపించారు. రెండు సంస్కృతుల మధ్య ఎటూ పూర్తిగా చెందని మనిషికి 1928లో 'మార్జినల్ మ్యాన్' అని పేరుపెట్టారు.

అయితే ఒకచోట ఆయన లెక్క తప్పిందనే చెప్పాలి. ఎదురుపడటం, పోటీ, సర్దుబాటు, చివరికి కలిసిపోవడం... ప్రతి సమూహమూ ఈ నాలుగు మెట్లూ ఎక్కుతుందనుకున్నారు. మరి ఎక్కనిచ్చేదెవరు? దక్షిణాది నుంచి వచ్చిన నల్లజాతీయులకు షికాగోలో ఒక పేట దాటి ఇల్లు దొరకడమే గగనమయ్యేది. 1919 అల్లర్లలో 38 మంది చనిపోయారు. పైగా ఒకే దేశంవాళ్లంతా ఒకే దారిలో నడవరు. వీసా, ఉద్యోగం, వయసు, ఆడా మగా అన్నవి కూడా బతుకును మారుస్తాయి. 2007లో స్టీవెన్ వెర్టోవెక్ లండన్‌ను చూసి 'సూపర్ డైవర్సిటీ' అన్నది దీన్నే.

ఆ అల్లర్లపై ఏర్పాటైన కమిషన్‌కు అధ్యయనం చేసింది పార్క్ శిష్యుడే, చార్లెస్ జాన్సన్ అనే నల్లజాతి యువకుడు. తర్వాత ఆయన నాష్‌విల్‌లోని ఫిస్క్ యూనివర్సిటీలో స్థిరపడ్డారు. రిటైరైన గురువు చివరి ఏళ్లు గడిపింది కూడా అక్కడే. పార్క్ 1944లో నాష్‌విల్‌లోనే కన్నుమూశారు.