నేలకోతకు లెక్క కట్టించిన బెన్నెట్

పొలం నుంచి ఏటా ఎంత మట్టి కొట్టుకుపోతుందో నేడు కంప్యూటర్ నమూనాలు క్షణాల్లో అంచనా కడుతున్నాయి. ఆ అంచనా ఎంతవరకు నిజమో తేల్చేందుకు మాత్రం, వాననీటి వెంట వచ్చిన మట్టిని పట్టి తూచిన లెక్కలే ఆధారం. అటువంటి లెక్కలను అమెరికా అంతటా సేకరింపజేసిన నేలల శాస్త్రవేత్త హ్యూ హమ్మండ్ బెన్నెట్.

ఆయన 1881 ఏప్రిల్ 15న నార్త్ కరోలినాలోని వేడ్స్‌బరో సమీపంలో రైతు కుటుంబంలో జన్మించారు. 1903లో పట్టభద్రుడై వ్యవసాయ శాఖలోని నేలల విభాగంలో చేరారు. రెండేళ్ల తర్వాత వర్జీనియాలోని లూయిజా కౌంటీలో సర్వే చేస్తుండగా ఒక వింత కంటబడింది. అడవిలోని నేల మెత్తగా, తేమగా ఉంది. పక్కనే దున్నిన పొలం గట్టిపడి ఉంది. రెండింటి వాలూ ఒకటే, మట్టి రకమూ ఒకటే. గండ్లు పడకుండానే ప్రతి వానకూ పైపొర కొంచెం కొంచెంగా జారిపోతోందని ఆయన గ్రహించారు.

నేల తరగని సంపద అని 1909లో ఆయన పనిచేస్తున్న విభాగమే ప్రకటించింది. బెన్నెట్ ఆ మాటను అంగీకరించలేదు. 1928లో చాప్లిన్‌తో కలిసి నేలకోతను జాతీయ విపత్తుగా వర్ణిస్తూ ఒక నివేదిక వెలువరించారు. మరుసటి ఏడాది ప్రభుత్వం 1,60,000 డాలర్లు కేటాయించగా, క్రమంగా పది పరిశోధన కేంద్రాలు ఏర్పడ్డాయి. అక్కడ 6 అడుగుల వెడల్పు, 72.6 అడుగుల పొడవు, అంటే ఎకరంలో నూరోవంతు ఉండే మళ్లు కట్టి, దిగువన తొట్లు అమర్చారు. వాన వెలిశాక అందులో చేరిన నీటినీ మట్టినీ కొలిచేవారు. మిస్సోరి విశ్వవిద్యాలయంలో అటువంటి మళ్లు 1917 నుంచే ఉన్నా, వాటిని దేశమంతటా విస్తరింపజేసింది బెన్నెట్ పట్టుదలే.

1935లో సెనేట్ కమిటీ ఎదుట హాజరైనప్పుడు, పశ్చిమ మైదానాల ధూళి రాజధానిని కమ్మేవరకు ఆయన తన వాదనను సాగదీశారని చెబుతారు. ఆ ఏడాది ఏప్రిల్ 27న నేల సంరక్షణ చట్టం అమల్లోకి వచ్చింది. కొత్త సంస్థకు ఆయనే అధిపతి అయ్యారు. 1960 జులై 7న కన్నుమూశారు.

ఆ లెక్కలు మాత్రం మిగిలాయి. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ విష్‌మైయర్ బృందం 1954 నుంచి వాటిని ఒకచోట చేర్చి, 1965లో నేలకోత సమీకరణను ప్రచురించింది. తర్వాత దానిని కొలతలతో సరిచూడగా, కోత తక్కువున్నచోట ఎక్కువగా, ఎక్కువున్నచోట తక్కువగా చూపుతోందని తేలింది. అయితే ఒకే తీరుగా దున్నిన పక్కపక్క మళ్లు సైతం ఒకే వానకు వేర్వేరు తూకాలు ఇచ్చాయి. అందువల్ల తేడా నమూనాదా, నేలదా అన్నది ప్రతి పరీక్షలోనూ విడిగా తేల్చవలసి వస్తోంది.