ఒప్పందాల నడుమ మల్కిభరాముడు: గోల్కొండ సుల్తాన్ ఇబ్రహీం కుతుబ్ షా

చీరాల నుంచి వాడరేవు వెళ్లే దారిలో ఎవరినైనా ఆపి మల్కిభరాముడు ఎవరని అడిగితే చెప్పేవాళ్లు తక్కువే. గోల్కొండ నవాబు ఇబ్రహీం కుతుబ్ షా అంటే మాత్రం కొందరికి గుర్తొస్తుంది. రెండు పేర్లూ ఒక్క మనిషివే. మలిక్ ఇబ్రహీం అన్న పేరు తెలుగు కవుల నోట పడి మల్కిభరాముడైంది. ఆయన గద్దెనెక్కిన 1550లో ఈ తీరమంతా విజయనగరం ఏలుబడిలో ఉన్న కొండవీటి సీమ. ఆయన కన్నుమూసిన 1580 నాటికి కొండవీడు గోల్కొండ చేతికొచ్చింది. ఈ ముప్ఫై ఏళ్లలో జరిగిన సంగతులే ఈ కథ.

మన పిల్లల పాఠాల్లో ఈ కథంతా ఒక్క వాక్యంలో తేలిపోతుంది: 1565లో దక్కన్ సుల్తాన్లంతా ఏకమై విజయనగరాన్ని కూల్చారు. ఆ వాక్యం చదివిన తెలుగు ముస్లిం పిల్లాడు తరగతి గదిలో ఒకలా, ఇంటికొచ్చాక ఇంకోలా ఆలోచించాల్సి వస్తోంది. ఎవరు మనవాళ్లు, ఎవరు పరాయివాళ్లు అని పక్కపిల్లాడు అడిగితే ఏం చెప్పాలి? ఇబ్రహీం జీవితం చూస్తే ఆ ప్రశ్న వేయడమే అంత తేలిక కాదని అర్థమవుతుంది.

ఆయన తండ్రి సుల్తాన్ కులీ గోల్కొండ రాజ్యానికి పునాది వేసినవాడు. 1543లో, బాగా ముసలితనంలో, గోల్కొండ జామే మసీదులో ఉండగా హత్యకు గురయ్యాడు. చేయించింది పరాయివాడు కాదు, సొంత కొడుకు జంషీద్. వారసుడు కావలసిన ఇంకో కొడుకు కళ్లు తీయించేశాడు. అప్పటికి దేవరకొండ కోట చూసుకుంటున్న తమ్ముడు ఇబ్రహీంకి తన వంతు వస్తుందని అర్థమైంది. ముందు బీదర్‌కి పారిపోయాడు. అక్కడ కూడా నిలబడలేక కృష్ణ దాటి విజయనగరం చేరాడు.

అక్కడ అధికారమంతా అళియ రామరాయల చేతుల్లో ఉంది. సింహాసనం మీద సదాశివరాయలు ఉన్నా ఆయన పేరుకే రాజు. రామరాయలు ఈ కుర్రాణ్ణి ఆదరించి జాగీరు ఇచ్చాడు. ఆ జాగీరు అంతకుముందు అంబర్ ఖాన్ అనే హబ్షీ సర్దారుది. దాంతో ఇద్దరికీ మాటామాటా పెరిగి కత్తులు దూశారని, ఆ ద్వంద్వ యుద్ధంలో అంబర్ ఖాన్ చనిపోయాడని చరిత్రకారుడు ఫిరిష్తా రాశాడు. ఒక్క విషయం గమనించండి: విజయనగరం రాజధానిలో ముస్లిం సర్దార్లు, ముస్లిం ఫౌజు మామూలు సంగతి. ఇబ్రహీం అక్కడ వింత మనిషేమీ కాదు.

ఏడేళ్లు అక్కడే గడిచాయి. తెలుగు మీద ఆయనకున్న ఇష్టం ఆ ఏడేళ్లలోనే గట్టిపడిందని చాలామంది అంటారు, అది నమ్మదగ్గ మాటే. కృష్ణరాయలు పోయి ఇరవై ఏళ్లు కూడా కాలేదు, ఆ నగరంలో తెలుగు కావ్యం ఇంకా దర్బారు భాషే. ఒక షెహజాదాకి ఉర్దూ అప్పటికి ఇంకా దర్బారు భాష కాలేదు. ఇంట్లో, రాతకోతల్లో పర్షియన్, వీధిలో దక్కనీ, తెలుగు.

1550లో జంషీద్ జబ్బు చేసి చనిపోయాడు. అతని పసివాడు సుబ్హాన్‌ని గద్దె మీద కూర్చోబెట్టారు కానీ రాజ్యం నడవలేదు. ముస్తఫా ఖాన్ అర్దిస్తానీ లాంటి పర్షియన్ అమీర్లు, జగదేవరావు చేతికింద ఉన్న తెలుగు నాయక్వారీలు ఇబ్రహీంని పిలిచారు. కోట కాపలా నాయక్వారీలదే. వాళ్లు తలుపులు తీస్తేనే ఎవరైనా సుల్తాన్. తీశారు, ఆ ఏడు జూలైలో ఇబ్రహీం సుల్తాన్ అయ్యాడు.

ఇక అసలు చిక్కు ఇక్కడ మొదలైంది. దక్కన్ పటం ఒకసారి మనసులో గీసుకోండి. పడమర బీజాపూర్, వాయవ్యంలో అహ్మద్‌నగర్, మధ్యలో చిన్న బీదర్, ఉత్తరాన బేరార్, కృష్ణకి దక్షిణాన విజయనగరం. గోల్కొండ వీళ్లందరికీ తూర్పున, ఎవరితోనూ ఒంటరిగా తలపడలేని రాజ్యం. ఎవరో ఒకరితో పొత్తు లేకుండా బతకలేదు. ఎవరితో పొత్తు పెట్టుకున్నా ఇంకొకరికి శత్రువవుతుంది.

1557 ప్రాంతంలో అహ్మద్‌నగర్, గోల్కొండ కలిసి బీజాపూర్ వాళ్ల గుల్బర్గా కోటని ముట్టడించాయి. బీజాపూర్ సుల్తాన్ రామరాయల్ని సాయం అడిగాడు. రామరాయలు ఫౌజుతో బయల్దేరి, దారిలోనే తన పాత అతిథి ఇబ్రహీంకి కబురు పంపాడు. ఇబ్రహీం ముట్టడి వదిలేసి వచ్చేశాడు. తర్వాత జరిగిందే ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. రాయచూరుకు దగ్గర్లో భీమ, కృష్ణ కలిసే చోట నలుగురు పాలకులు సమావేశమయ్యారు: రామరాయలు, బీజాపూర్ సుల్తాన్, అహ్మద్‌నగర్ సుల్తాన్ హుసేన్ నిజాం షా, మన ఇబ్రహీం. నలుగురిలో ఎవరి మీదైనా అన్యాయంగా దాడి జరిగితే మిగతావాళ్లంతా కలిసి దాడి చేసినవాణ్ణి ఎదుర్కోవాలని ఒప్పుకున్నారు.

ఇవాళ్టి భాషలో దీన్ని ప్రాంతీయ భద్రతా ఒప్పందం అంటాం. మతం ఒకటి కాదు, భాష ఒకటి కాదు, ఉన్నది ఇరుగుపొరుగు సరిహద్దులే. పొరుగు దేశాలు ఒక బల్ల చుట్టూ కూర్చోవడం ఎంత కష్టమో మనకి తెలియంది కాదు. సార్క్ 1985లో ఢాకాలో పుట్టింది, దాని చివరి శిఖరాగ్ర సమావేశం 2014లో ఖాట్మండులో జరిగింది, ఆ తర్వాత దేశాధినేతలు ఆ వేదిక మీద కలవనేలేదు. 16వ శతాబ్దపు రాజులు నది ఒడ్డున డేరాలు వేసుకుని ఆ మాత్రం మాట్లాడుకున్నారంటే చిన్న విషయం కాదు.

అయితే ఆ ఒప్పందానికి ఒక లోపం ఉంది. తప్పు ఎవరిదో తేల్చే పెద్దమనిషి ఎవరు? సభ పిలిచిందీ రామరాయలే, అమలు చేసేదీ ఆయన సైన్యమే. అంటే న్యాయమూర్తీ ఆయనే, బంట్రోతూ ఆయనే.

ఏడాది తిరక్కుండానే పరీక్ష వచ్చింది. 1558లో బీజాపూర్ సుల్తాన్ చనిపోయి కుర్రవాడైన అలీ ఆదిల్ షా గద్దెనెక్కాడు. అదను చూసి హుసేన్ నిజాం షా దాడికి దిగాడు. అలీ స్వయంగా విజయనగరం వెళ్లాడు. కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న రామరాయల్ని పరామర్శించాడు. రామరాయల భార్య ఆయన్ని కొడుకులా చూసుకుందని ఫిరిష్తా రాశాడు. ఒప్పందం ప్రకారం రామరాయలు, ఇబ్రహీం బీజాపూర్ పక్షాన కదిలారు. ముగ్గురి ఫౌజులూ అహ్మద్‌నగర్‌ని చుట్టుముట్టాయి. ఇబ్రహీం మాట నిలబెట్టుకున్నాడు కానీ మనసు పెట్టలేదు. లోపలున్నవాళ్లకి ఆయన వైపు నుంచే దొంగచాటుగా సరుకులు అందేవట. రామరాయలు మరీ బలిసిపోతే రేపు తన వంతే అని ఆయన భయం. ఆ భయం ఉత్తదని అనలేం.

తర్వాతి మలుపులో ఇబ్రహీం పూర్తిగా అటు తిరిగాడు. 1563 ప్రాంతంలో హుసేన్ కుమార్తెని నికాహ్ చేసుకుని, ఇద్దరూ కలిసి కల్యాణి కోట మీదికి వెళ్లారు. రామరాయలు, అలీ పెద్ద ఫౌజుతో రాగానే కథ తిరగబడింది. ఇబ్రహీం వెనక్కి తగ్గాల్సి వచ్చింది. విజయనగరం సైన్యాలు గోల్కొండ పల్లెల మీద పడ్డాయి. ఒకప్పుడు తనని గద్దెనెక్కించిన జగదేవరావు కూడా అప్పటికి గోల్కొండ వదిలి విజయనగరం కొలువులో చేరి, ఎదుటి పక్షాన ఉన్నాడు. చివరికి ఇప్పటి పాలమూరు వైపున్న కోయిల్‌కొండ, ఘన్‌పూర్, పానగల్ కోటలు అప్పగించి సంధి చేసుకున్నాడు. సరిహద్దు కోటలు పోతే రాజధానికి అడ్డం ఏమీ ఉండదు.

1565 కూటమి ఈ అవమానంలోంచి పుట్టింది. దాన్ని మొదలుపెట్టింది ఎవరంటే ఎవరి చరిత్రకారుడు వాళ్ల సుల్తాన్‌కే ఆ ఘనత కట్టబెట్టాడు. బీజాపూర్‌లో కూర్చుని రాసిన ఫిరిష్తా అలీ పేరు చెబుతాడు, అహ్మద్‌నగర్ వాడు హుసేన్ పేరు, గోల్కొండ వాడు ఇబ్రహీం పేరు. ఎవరు మొదలెట్టినా బద్ధశత్రువులైన బీజాపూర్, అహ్మద్‌నగర్‌లని కలిపిన దూత మాత్రం గోల్కొండ మనిషి ముస్తఫా ఖాన్. రెండు నికాహ్‌లు కుదిర్చారు. హుసేన్ కూతురు చాంద్ బీబీని అలీకి ఇచ్చారు, కట్నంగా షోలాపూర్ కోట. ఏళ్ల తరబడి రెండు రాజ్యాలు కొట్టుకున్నది ఆ కోట కోసమే. అలీ చెల్లెలిని హుసేన్ కొడుక్కిచ్చారు. బీదర్ చేరింది. బేరార్ మాత్రం రాలేదు. హుసేన్ తమ సర్దారుని చంపించాడన్న పగ వాళ్లకి తీరలేదు. కాబట్టి పాఠాల్లో అన్నట్టు సుల్తాన్లంతా ఏకమవలేదు, నలుగురే కలిశారు.

మతం పేరు ఆ తర్వాత రాసిన గ్రంథాల్లో బాగా వినిపిస్తుంది. రామరాయల ఫౌజు మసీదుల్ని అగౌరవపరిచిందన్న ఆరోపణ కూడా ఉంది. నిజమెంతో అటుంచితే, పదేళ్లు వెనక్కి వెళ్తే ఈ నలుగురిలో ముగ్గురు రామరాయల డేరాలో కూర్చున్నవాళ్లో, ఆయన సాయం కోరినవాళ్లో. వాళ్లని కలిపింది కోటలు, సరిహద్దులు, భయం.

1565 జనవరిలో కృష్ణ దక్షిణపు ఒడ్డున, రక్కసి, తంగడి పల్లెల దగ్గర యుద్ధం జరిగింది. మధ్యలో హుసేన్ ఫిరంగులు, పక్క దళాల్లో అలీ, ఇబ్రహీం, బీదర్ సుల్తాన్. ముసలివాడైన రామరాయలు పట్టుబడ్డాడు. హుసేన్ ఆయన తల తీయించాడు. ఒకప్పుడు తనకి అన్నం పెట్టిన మనిషి చనిపోయిన రోజున ఇబ్రహీం ఏమనుకున్నాడో ఎవరూ రాసిపెట్టలేదు. ఆ తర్వాత విజయనగరం నెలల తరబడి దోపిడీకి గురైంది. అందులో గోల్కొండ ఫౌజు వాటా లేదని చెప్పలేం.

గెలిచిన కూటమి ఎన్నాళ్లు నిలిచింది? ఏడాదైనా లేదు. హుసేన్ అదే ఏడు చనిపోయాడు. బీజాపూర్, అహ్మద్‌నగర్ మళ్లీ కత్తులు దూసుకున్నాయి. ఇబ్రహీం తన మూడు కోటలు తను వెనక్కి తీసుకుని తూర్పు వైపు చూపు తిప్పాడు.

ఈ మనిషికి ఇంకో ముఖం ఉంది, మనకి ఎక్కువ పనికొచ్చేది అదే. ఆయన దర్బారులో తెలుగు కవులు ఉండేవారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమిచ్చాడు. భారతంలోని కథ, సూర్యుడి కూతురి ప్రేమ కథ, అంకితం సుల్తాన్‌కి! నిరంకుశోపాఖ్యానం రాసిన కందుకూరి రుద్రకవికి చింతలపాలెం గ్రామం ఇచ్చాడని సాహిత్య చరిత్రలు చెబుతాయి. ఇంటిపేర్లు చూశారా, అద్దంకి, కందుకూరు, రెండూ మన వైపు ఊళ్లే. ఆయన సర్దారు అమీన్ ఖాన్ పటాన్‌చెరులో ఉంటూ పొన్నగంటి తెలగనార్యుడి యయాతి చరిత్రని అంకితం తీసుకున్నాడు. ఒక్క సంస్కృత పదం లేకుండా అచ్చ తెలుగులో రాసిన మొదటి కావ్యమది. దాన్ని కోరి పుచ్చుకున్నది ఒక ఖాన్ సాహెబ్.

కట్టించినవీ తక్కువేమీ కాదు. గోల్కొండ చుట్టూ రాతిగోడ, హుస్సేన్ సాగర్, ఇబ్రహీంపట్నం చెరువు, మూసీ మీద 1578లో పూర్తయిన పురానాపూల్. హైదరాబాద్ అప్పటికి ఇంకా పుట్టలేదు, ముందు వంతెన వచ్చింది.

ఆ చివరి ఏళ్లలోనే ఒక మచ్చ కూడా ఉంది. 1579లో గోల్కొండ సేనాని మురహరిరావు అహోబిలం గుడిని దోచాడు. సేనాని మరాఠా బ్రాహ్మణుడు, సుల్తాన్ తెలుగు కవుల పోషకుడు, అయినా గుడి దోపిడీ దోపిడీయే. ఆయన్ని మెచ్చుకునేవాళ్లు ఇది దాటేస్తారు, తిట్టేవాళ్లు ఇదొక్కటే చెబుతారు.

తూర్పున 1570ల మొదట్లోనే రాజమండ్రి గోల్కొండకి వచ్చింది. ఆ తర్వాత ఫౌజు కృష్ణ దాటి వినుకొండ మీదుగా కొండవీడు చేరింది. రెడ్డిరాజుల నాటి ఆ కొండకోట 1580 ప్రాంతంలో లొంగింది. దాంతో పత్తి, ధాన్యం పండే ఈ మైదానం, దాని అంచున ఉన్న రేవులు ఒక్కొక్కటే గోల్కొండ లెక్కల్లోకి వచ్చాయి. మోటుపల్లిలో గణపతిదేవుడు 1244లో సముద్ర వర్తకులకి అభయమిచ్చిన శాసనం అప్పటికి మూడు వందల ఏళ్ల పాతది. వర్తకం మచిలీపట్నం వైపు జరిగింది. పెగూ, ఆచే ఓడలు అక్కడికే వచ్చేవి. వాడరేవుకి ఈశాన్యాన ఉన్న నిజాంపట్నానికి 1611లో ఇంగ్లీషు వాళ్లు వచ్చి దిగినప్పుడు ఇజాజత్ అడిగింది గోల్కొండ అధికారుల్నే.

ఇబ్రహీం 1580 జూన్‌లో చనిపోయాడు. గోల్కొండ పక్కన కుతుబ్ షాహీ సమాధుల తోటలో ఆయన గుంబద్ ఉంది, గోడ మీద రంగు పలకల ఆనవాళ్లు ఇప్పటికీ కొన్ని మిగిలాయి. గద్దె మీద కుర్రవాడైన కొడుకు ముహమ్మద్ కులీ కూర్చున్నాడు. పదకొండేళ్ల తర్వాత చార్మినార్ కట్టించింది ఆయనే.

కొండవీటికి గోల్కొండ వాళ్లు ముర్తుజానగర్ అని పేరు పెట్టారు. జనం నోట అది నిలవలేదు, కొండవీడు కొండవీడుగానే ఉండిపోయింది. కాగితాల్లో మాత్రం రెండు వందల ఏళ్లు బతికింది. గుంటూరు సర్కారు తమ చేతికొచ్చాక కూడా కంపెనీ దొరలు లెక్క పుస్తకాల్లో దాన్ని ముర్తుజానగర్ సర్కారు అనే రాసుకున్నారు.