ఆటంకమునందే ఉపాయము
సర్ ఆర్థర్ కాటన్ దొర జీవిత చరిత్రము

మానవుని జీవితమున ఆటంకములు లేని దినము లేదు. చెరువునకు గండి పడును, ఎద్దు నేలబడును, పంట చేతికి వచ్చువేళ వాన వచ్చును. అట్టి వేళ మనుజులు రెండు విధములుగా వర్తింతురు. ఈ కష్టము తమకే ఏల వచ్చెనని విచారించుచు కూర్చుండువారు కొందరు. ఇప్పుడు తమ చేతనున్నదేమి, దానితో మొదట చేయదగినదేమి అని యోచించువారు కొందరు. భగీరథుడు ఈ రెండవ తెగవాడు. గంగ దిగివచ్చుటకు సమ్మతించినను ఆ వేగమును భరించువాడు లేకపోయెను. అంతట ఆయన శివుని ఆశ్రయించెను. ప్రవాహము జహ్నుమహర్షి ఆశ్రమమున ఆగిపోయెను. అంతట ఆ ఋషిని ప్రార్థించెను. ఎచ్చట ఆటంకము కలిగెనో అచ్చటనే దానికి మార్గమును వెదకుట ఆయన పద్ధతి. ఆంధ్రులు అపర భగీరథుడని పిలుచుకొను సర్ ఆర్థర్ కాటన్ దొర జీవితము కూడ ఈ పద్ధతికి నిదర్శనము.

కాటన్ ఇంగ్లండు దేశమున 1803వ సంవత్సరము మే నెల 15వ తేదీన జన్మించెను. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. ఆయన పదునొకండుగురు కుమారులలో ఆర్థరు పదవవాడు. పదునైదవ ఏట ఈస్టిండియా కంపెనీవారి ఆడిస్కోంబ్ సైనిక విద్యాలయమున చేరి ఇంజనీరింగు విద్య నభ్యసించెను. 1821లో మద్రాసు చేరి కంపెనీ కొలువులో ప్రవేశించెను. కొంతకాలము బర్మా యుద్ధమునను పనిచేసెను. అయితే ఆయనకు నిజమైన విద్య అబ్బినది విద్యాలయమునను కాదు, యుద్ధభూమియందును కాదు. కావేరీ నదీతీరమున, తంజావూరు సీమయందు.

తిరుచిరాపల్లికి ఎగువ కావేరి రెండు పాయలుగా చీలును. అందొకటి కొల్లడము. ఆ పాయ నానాటికి లోతై నీటినంతయు తానే లాగుకొనుచుండ, తంజావూరు పొలములకు నీరందించు కావేరి పాయ మేటవేసి ఎండిపోవుచుండెను. కొల్లడమునకు అడ్డుకట్ట వేయవలెనన్న అడుగున పట్టు చిక్కదు. ఎంత త్రవ్వినను ఇసుకయే. పునాదికి రాతినేల యుండవలెనని కాటన్ చదివిన శాస్త్రము. రాతినేల లేనిచోట ఆ శాస్త్రము మౌనము వహించెను.

అప్పుడాయన దృష్టి దిగువనున్న కల్లణపై పడెను. కరికాల చోళుడు కట్టించెనని ప్రసిద్ధినొందిన ఆ పురాతనపు ఆనకట్ట శతాబ్దముల తరబడి వరదలకోర్చి ఇసుకపైననే నిలిచియుండెను. అదెట్లు నిలిచెనో ఆయన శ్రద్ధగా పరిశీలించెను. ఇసుకలో పెద్ద రాళ్లను వేసినచో అవి తమ బరువుచేత క్రుంగును. వాటిపై మరికొన్ని వేసినచో అవియు క్రుంగును. కొంతకాలమునకు క్రుంగుట ఆగి క్రిందిరాళ్లు స్థిరపడును. అటుపిమ్మట వాటిపై కట్టడము లేపవచ్చును. ఈ మర్మము తనకు తెలిసినది ఈ దేశపు పూర్వ నిర్మాతల వలననేయని కాటన్ దాచుకొనలేదు. పాలకజాతివాడనను అహంకారము ఆయన కన్నులను కప్పియున్నచో, పరిష్కారము ఎదుటనున్నను కనబడక పోయెడిది. 1836 నాటికి కొల్లడముపై ఎగువ, దిగువ ఆనకట్టలు రెండును లేచినవి. తంజావూరు సీమ తెప్పరిల్లెను.

తరువాత అనారోగ్యముచే ఆయన సెలవుపై ఆస్ట్రేలియా ప్రాంతమునకు పోయి, టాస్మేనియాలో 1841లో ఎలిజబెత్ లియర్మంత్ అను కన్యను వివాహమాడెను. తిరిగివచ్చిన పిమ్మట ఆయన పనిచేసిన తావు మన విశాఖపట్టణమే. ఆనాడు సముద్రము ఒడ్డును కోసికొనుచు పట్టణము మీదికి వచ్చుచుండెను. కెరటమునకు ఎదురుగా గోడకట్టుట లోకమునకు తోచు ఉపాయము. కాని ఎదురునిలిచిన గోడను కెరటము అడుగునుండి త్రవ్వి పడద్రోయును. కాటన్ ఒడ్డునుండి సముద్రములోనికి చొచ్చునట్లు అడ్డముగా రాతిగట్లు వేయించెను. తీరము వెంబడి అలలు మోసికొనిపోవు ఇసుక ఆ గట్లకు తగిలి నిలిచి మేటవేయును. ఆ మేటయే ఊరికి కోట యగును. ఏ సముద్రము ఒడ్డును తినుచుండెనో, ఆ సముద్రము చేతనే ఒడ్డును పెంచుట ఇందలి యుక్తి.

ఈ తీరమున నడచు ఇసుకతో పిదపవారికిని పెనుగులాట తప్పలేదు. 1933లో తెరువబడిన విశాఖ రేవు నిర్మాతలు, రేవు ముఖద్వారము పూడకుండుటకై రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచి, వాటినే అడ్డుకట్టగా చేసికొనిరి. పనికిమాలిన ఓడ కూడ తగిన చోట ముంచినచో పనికివచ్చుననుటకు ఇది సాక్ష్యము.

విశాఖనుండి కాటన్ గోదావరీ సీమకు పంపబడెను. ఆ సీమ అప్పటి దుస్థితి చెప్పనలవి కాదు. 1832, 1833 సంవత్సరముల కరవు గుంటూరు సీమతోపాటు గోదావరీ ప్రాంతమును కూడ పీల్చివేసెను. 1839లో ఉప్పెన కోరంగిని ముంచెను. రాజమహేంద్రవరము జిల్లాలో 1821లో ఏడు లక్షలకు పైబడిన జనసంఖ్య, 1841 నాటికి అయిదున్నర లక్షల ప్రాంతమునకు దిగజారెను. చనిపోయినవారు చనిపోగా, మిగిలినవారు ఊళ్లు విడిచి పోయిరి. ఇదంతయు ఒక మహానది ఒడ్డుననే జరిగెను! వర్షకాలమున గోదావరి పొంగి పొలములను ముంచి సముద్రమున కలియును. ఆ పిమ్మట పొలములకంటె దిగువన పారుచు చేతికందక పోవును. నీరు లేకపోలేదు, నీటిమట్టము చాలకపోయెను. అందరును అనావృష్టి యని తలచిన దానిని, మట్టము చాలమి యని గ్రహించుటయే కాటన్ వేసిన మొదటి అడుగు. సమస్యను సరిగా పేర్కొన్నచో సగము పని తీరినట్లే. నది పాయలుగా చీలు ధవళేశ్వరము వద్ద ఆనకట్ట కట్టి మట్టమును పెంచినచో, నీరు తనంతతానే కాలువలలోనికి ప్రవహించును.

కాని ఆనకట్టకు ధనమిచ్చువారెవరు? కంపెనీ ప్రభువులు వర్తకులు. కరవు వర్ణనలతో వారి హృదయము కరగునో లేదో కాని, లెక్కలతో తప్పక కదలును. కాటన్ ఇది యెరిగినవాడు. తన నివేదికలలో ప్రజల బాధతోపాటు, నీరు పారినచో పెరుగు శిస్తును, పడవలపై సరకు సాగుటవలన కలుగు లాభమును విశదపరచెను. రైతుకు దక్కిన పంటలో పెద్ద భాగము శిస్తు రూపమున కంపెనీకే పోయెననుట సత్యము. అయినను వినువాని భాషలో చెప్పనిచో ఆ నీరు పొలమునకు వచ్చియుండెడిది కాదు. 1846 డిసెంబరులో అనుమతి లభించెను. 1847లో పని ఆరంభమయ్యెను.

అనుమతి వచ్చెను గాని మనుష్యులు రాలేదు. ఆరుగురు ఇంజనీర్లను, ఎనిమిదిమంది చిన్న ఉద్యోగులను, రెండువేలమంది తాపీ మొదలగు పనివారలను ఇప్పించుడని ఆయన కోరగా, అనుభవములేని యువకుడొకడును కొలదిమంది సహాయకులును మాత్రమే లభించిరి. వేరొకడైనచో ఆ కారణము వ్రాసిపెట్టి పని మానుకొనియుండును. తప్పు తనది కాదని ఋజువు కూడ చేసికొనియుండును. కాటన్ ఉన్నవారితోనే మొదలిడెను. రానివారిని తయారు చేసికొనెను. ఈ పనిలో ఆయనకు కుడిభుజమైనవాడు వీణం వీరన్న అను తెలుగువాడు. కూలీలను సమకూర్చుటలోను, వారిని ఒక త్రాటిపై నడుపుటలోను ఆయన చూపిన సామర్థ్యము ఎన్నదగినది. కాటన్ పేరు తలచునపుడు వీరన్నగారి పేరును తలచుట తెలుగువారి విధి.

ఆ చోట గోదావరి వెడల్పు సుమారు నాలుగు మైళ్లు. అంతమేర కట్టుట అసాధ్యమని తోచును. కాని నది నడుమ లంకలు గలవు. వాటిని ఆధారముగా గొని కాటన్ ఆ ఒక్క పనిని నాలుగుగా విడదీసెను: ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము. ఈ నాలుగు భాగములును కలిసి రాతికట్టడము రెండుంబావు మైళ్లకు మించలేదు. రాయి దూరమునుండి తేబనిలేకుండ ధవళేశ్వరపు కొండయే గని యయ్యెను. కొండనుండి నదికి ఇనుప పట్టాల మార్గము వేసి రాతిని దింపిరి. పునాది మరల ఇసుకయే. కొల్లడమునాటి విద్య ఇచ్చట అక్కరకు వచ్చెను. వరద దిగువ ఇసుకను కోసినచోట, ముందే పరచియుంచిన విడిరాళ్లు ఆ గోతిలోనికి తామే జారి దానిని పూడ్చును. నది చేయబోవు హానిని ముందే ఊహించి, ఆ హానియే మరమ్మతుగా మారునట్లు చేయుట ఎంత చిత్రము!

1848లో ఆయన ఆరోగ్యము చెడెను. రెండు సంవత్సరములు సెలవుపై దూరదేశమున నుండవలసి వచ్చెను. పని ఆగిపోయెనా? ఆగలేదు. చార్లెస్ ఓర్ అను ఇంజనీరు ఆ భారమును వహించెను. తాను లేనిదే నడువనట్టి పని కాక, తాను లేకున్నను సాగునట్టి పనిని నిర్మించుట కాటన్ నేర్పు. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. ఆ సంవత్సరమే బెజవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పని ఓర్ చేతులమీదుగా మొదలై 1855లో ముగిసెను.

కోనసీమలో మరియొక చిక్కు గలదు. ఒక లంకకు నీరు కావలెను. నడుమ గోదావరి పాయ అడ్డము. దానికి గన్నవరము వద్ద నలుబదితొమ్మిది కమానులతో వంతెనవంటి కాలువ కట్టి, నదిమీదుగనే నీటిని దాటించిరి. ఒక్కొక్క కమాను వెడల్పు నలుబది అడుగులు. హెయిగ్ అను యువ ఇంజనీరు ఆ పనిని వరదలు రాకమునుపే నెరవేర్చెను. అడ్డము వచ్చిన నదిని ఆపనక్కరలేదు. దాని పైనుండి దాటవచ్చును.

1861లో కాటన్‌కు సర్ బిరుదు లభించెను. అటుపిమ్మటి ఆయన జీవితమంతయు జయమే యని చెప్పుట సత్యము కాజాలదు. దేశమంతట రైళ్లకు మారుగా పడవల కాలువలు త్రవ్వవలెనని ఆయన పట్టుపట్టెను. 1878లో పార్లమెంటు సంఘమువారి యెదుట తన వాదమును వినిపించినను, వారు సమ్మతింపలేదు. ఆయన ప్రోత్సాహమున తుంగభద్రపై ఒక కంపెనీ త్రవ్వించిన కర్నూలు–కడప కాలువ ఆశించిన లాభము నీయలేదు. తుదకు 1882లో ప్రభుత్వమువారే దానిని కొనవలసి వచ్చెను. గోదావరీ లంకలలో ఫలించిన ఉపాయము రాయలసీమ మెట్టనేలలలో అట్లే ఫలింపలేదు. ఇందును ఒక పాఠము గలదు. ఉపాయమునందు ప్రీతి పెరిగి ఉపాధియందు చూపు తగ్గినచో, గొప్ప ప్రజ్ఞావంతుడును పొరబడును. కొల్లడమున ఇసుకను చూచి నేర్చినవాడు, ప్రతి నేలను అట్లే క్రొత్తగా చూడవలసియుండెను.

అయినను ఆయన వ్యాకులపడి కూర్చుండలేదు. వార్ధక్యమున డార్కింగ్ అను ఊర తన తోటలో నేలను లోతుగా దున్ని గోధుమ పండించి దిగుబడిని పరీక్షించుచుండెను. నదులు అందనపుడు పెరటిమడియే చాలునన్నట్లు! 1899 జూలై 24న తొంబదియారేండ్ల వయస్సున స్వర్గస్థుడయ్యెను. ఆయన కుమార్తె లేడీ హోప్ మరుసటి సంవత్సరమున ఆయన జీవిత చరిత్రను ప్రకటించెను.

పాత ఆనకట్ట స్థానమున 1970లో మొదలిడి నిర్మించిన క్రొత్త బ్యారేజీ 1982 నుండి సేవ చేయుచున్నది. అదియు కాటన్ పేరనే వెలయుచున్నది. దాని క్రింద సుమారు పది లక్షల ఎకరములు పారుచున్నవి. గోదావరిలో స్నానమాడు వైదికులు సంకల్పమున ఆ దొరను స్మరింతురని ఆ సీమయందు చెప్పుకొందురు. గాజువాక వాసులకును ఆ నది దూరపుది కాదు. రాజమహేంద్రవరము చెంత ఎత్తిపోసిన గోదావరి జలము ఏలేరు కాలువలో కలిసి విశాఖ దిక్కునకు వచ్చుచున్నది; ఉక్కు కర్మాగారపు కణితి జలాశయమును నింపునది ఆ కాలువయే.

కాటన్ చరిత్రను చదువువారు ఆయనంతటి నదులను కట్టనక్కరలేదు. ఎవరి ఇసుక వారి కాళ్లక్రింద గలదు. అప్పు తీరని రైతు మొదట తన చిక్కు పంటలో నున్నదా, వడ్డీలో నున్నదా, అమ్మకములో నున్నదా యని పేర్కొనవలెను. పెద్ద పనిని లంకలవలె విడదీసి ఒక్కొక్క పాయను కట్టుకొనవలెను. కోరినవారు రానిచో వచ్చినవారితో మొదలిడవలెను. పూర్వులు కట్టిన కల్లణ ఎచ్చటనో ఒకచోట ఉండనే యుండును. దానిని చూచుటకు గర్వము విడువవలెను. గ్రంథాలయమున పేర్చిన పుస్తకములును అట్టి కల్లణలే. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయపు తలుపు తెరువబడియున్నది. ఆ రాళ్లపై తమ కట్టడమును లేపుకొనువారు లోనికి రావలయును.