నాణెములయందు చరిత్రను చదివిన పెట్రార్కు

పాత నాణెములను వెలకు కొని కూర్చుకొను వేడుక నేడు పెక్కుదేశములందు గలదు. ఐరోపాలో ఈ వ్యాసంగమునకు దారి చూపిన తొలివారిలో ఇటలీదేశపు మహాకవి ఫ్రాన్సిస్కో పెట్రార్కు ముఖ్యుడు. ఆయన కవిత్వమును గూర్చి వేరొకప్పుడు ముచ్చటింపవచ్చును. ఆయన చేతిలోని రోమక నాణెములను గూర్చియే మేమిప్పుడు మన విద్యార్థులకు చెప్పదలచితిమి.

పెట్రార్కు 1304వ సంవత్సరము జూలై 20వ తేదీన అరెజ్జో పట్టణమున జన్మించెను. తండ్రి ఫ్లోరెన్సు నగరమునుండి వెడలగొట్టబడిన పత్రలేఖకుడు. ఆ కుటుంబము జీవనార్థమై, పోపుగారు నివసించుచుండిన అవిన్యోను ప్రాంతమునకు వలసపోయెను. తండ్రి కోరికపై బాలుడు న్యాయశాస్త్రము నభ్యసించెను గాని ఆతని మనస్సు ప్రాచీన లాటిను గ్రంథములయందే లగ్నమై యుండెను. తండ్రి ఒకనాడు కోపించి ఆ పుస్తకములను నిప్పులో వైచెను. కుమారుని రోదనము చూడజాలక వర్జిలు, సిసిరోల గ్రంథములను రెంటిని మాత్రము మరల పైకి తీసి యిచ్చెను. 1326లో తండ్రి గతించిన పిమ్మట పెట్రార్కు న్యాయశాస్త్రమును విడిచెను.

1337లో ఆయన రోము నగరమును మొదటిసారి దర్శించెను. 1341 ఏప్రిల్ 8వ తేదీన అచ్చటనే కవులకిచ్చు పత్రకిరీటమును ధరించెను. నాటి రోము శిథిలనగరము. కూలిన భవనముల నడుమ ద్రాక్షతోటలుండెడివి. తోటమాలులు త్రవ్వుచుండగా అప్పుడప్పుడు నాణెములు బయల్పడెడివి. వారు వానిని పెట్రార్కు కడకు తెచ్చి, కొనుమనియో, ఇందలి ముఖమెవరిదో చెప్పుమనియో అడుగుచుండిరి.

రోమకుల బంగారు నాణెమునకు ఆరియసని పేరు. 25 వెండి దేనారములు ఒక ఆరియసునకు సమానము. ఒకవైపున చక్రవర్తి ముఖమును, దానిచుట్టు ఆతని బిరుదులును ఉండును. బిరుదులను కుదించి ఒకటి రెండు అక్షరములతోనే ముద్రించిరి గనుక చరిత్ర నెరిగినవాడే వానిని చదువగలడు. ఎరుగనివానికి అది తూకమునకు తగిన వెలగల లోహము మాత్రమే.

మన సీమయందును దీనికి నిదర్శనము గలదు. 18వ శతాబ్దము చివర నెల్లూరు సమీపమున ఒక రైతు నాగలి ఇటుకకట్టునకు తగిలెను. త్రవ్వగా రోమక నాణెములు గల కుండ దొరకెను. అతడు వానిని పాత బంగారముగా అమ్మెను. పెక్కు నాణెములు మూసలో కరగిపోయెను. రైతును మేము నిందింపము. వానిని చదివి చెప్పువారు అతనికి లేకపోయిరి.

1354 డిసెంబరులో బొహీమియా రాజగు నాలుగవ చార్లెసు, రోమున చక్రవర్తిగా పట్టాభిషిక్తుడగుటకు పోవుచు, మాంటువా నగరమున విడిసి పెట్రార్కును పిలిపించెను. పెట్రార్కు మహాపురుషుల చరిత్ర నొకదానిని వ్రాయుచుండెను. దానిని తనకంకిత మిమ్మని రాజు కోరగా, ఆ మహాపురుషుల వరుసకు తగినట్లు జీవించినచో అట్లే చేసెదనని కవి నిర్భయముగా బదులు చెప్పెను. అంతట తాను ప్రీతితో దాచుకొన్న బంగారు వెండి నాణెములను కొన్నిటిని కానుక యిచ్చెను. ఔగుస్తు కైసరు ముఖము జీవకళతో నొప్పు నాణెము వానిలో నుండెను. ఆ చక్రవర్తుల చరిత్రలను సంగ్రహముగా వినిపించి, వారిలోని ఉత్తముల మార్గమున నడువుమని హితము చెప్పెను.

చార్లెసు 1355 ఏప్రిల్ 5వ తేదీన రోమున కిరీటము ధరించి, ఆనాడే నగరమును విడిచెను. కొలదికాలములోనే ఇటలీని గూడ వీడి స్వదేశమునకు మరలెను. అతడు ఇటలీని చక్కదిద్దునని ఆశించిన పెట్రార్కు మిక్కిలి వగచెను. రాజు పురాతనమైన కైసరు ప్రతిమ నొకదానిని తనకు పంపగా, దానిని నీవు నిదానించి చూచియుండినచో ఈ ప్రయాణము మానియుందువని ఆయన మందలించుచు వ్రాసెను. 1374 జూలైలో ఆర్క్వా గ్రామమున ఆయన గతించెను.

నాణెమును ధనమిచ్చి కొనవచ్చును, కానుకగా పొందవచ్చును. అది చెప్పు మాటను చెవినిడుట మాత్రము మనుష్యుని వశము. విద్యార్థులారా! మీ పొలమున పాత నాణెములు దొరకినయెడల చింతపండుతో తోమకుడు, కంసాలికి అమ్మకుడు. మీ ఉపాధ్యాయులకు చూపుడు. భూమిలో దొరకిన నిధిని ప్రభుత్వమునకు తెలుపవలెనని 1878వ సంవత్సరపు చట్టము విధించుచున్నది. అన్నిటికంటె ముందు, దానిపైనున్న ముఖమెవరిదో అడిగి తెలిసికొనుడు.