నటి, రచయిత్రి భానుమతి గారు

భానుమతీ రామకృష్ణ గారు 1925 సెప్టెంబరు 7న ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టారు. 1939లో ‘వరవిక్రయం’ సినిమాలో కాళిందిగా నటించారు. అప్పటికి ఆమెది ఇంచుమించు నా ఈడే! ‘మల్లీశ్వరి’ (1951)లో తన పాటలు తానే పాడారు. 1953లో ‘చండీరాణి’కి తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లోనూ తనే దర్శకురాలు. 1966లో పద్మశ్రీ వచ్చింది. 2005 డిసెంబరు 24న చెన్నైలో కన్నుమూశారు.

ఇంత పనిలోనూ ఆమె ‘అత్తగారి కథలు’ రాశారు. వాటిల్లో రాజులు, రాణులు లేరు. ఆవకాయ, మడి, అత్తగారి చాదస్తం, అంతే. సెలవుల్లో ఒక కథ చదివి వినిపిస్తే, చదువు రాని మా అమ్మ పడీ పడీ నవ్వింది. మా నాయనమ్మ కూడా అచ్చం ఇట్లనే అన్నది.

మిత్రులారా, మా గూడెంలో కథలు చానా ఉన్నయి. రాసినోళ్లే లేరు. నాటకంలో వేషాలు వేసే మనం కథలు కూడా ఎందుకు రాయొద్దు? నేనైతే మా నాయనమ్మ కథ మొదలుపెట్టిన.